చుక్కలు చాలు

కన్ను వెలిగించిన రోజు మా అత్తయ్యగారికి మొట్టమొదట కనిపించింది పెరట్లో బొప్పాయి చెట్టు. తరవాత దండెం మీద ఆరేసిన ఆవిడ నేత చీర. ఆ తరవాత మా ఆయన నెత్తి మీద జుట్టు.

"ఒరే శేషూ, నీకు మళ్ళీ జుట్టొచ్చిందేవిట్రా?" అన్నారు.

మా ఆయన తన బట్టతల తడుముకున్నారు. అందరం పకపకా నవ్వాం. కన్ను తయారుచేసిన డాక్టర్ విహారి కూడా నవ్వాడు గానీ ఆ నవ్వులో కాస్త కంగారుంది. అత్తయ్యగారు మాత్రం మా నవ్వులు పట్టించుకోలేదు. పదకొండేళ్ళ చీకటి తరవాత దొరికిన పెరడది. గోడ వార గోరింట, దాని కింద నీళ్ళ తొట్టి, తొట్టి అంచు మీద ఉడత, అంటూ చిన్నపిల్ల అ ఆలు చదివినట్టు ఒక్కొక్కటీ పైకి చదువుతున్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. తొట్టి మీద మాత్రం ఆ రోజు ఉడత లేదు. ఎప్పుడో ఉండేది, నేను ఫొటో తీశాను. సంతోషంలో ఉన్నప్పుడు ఇలాంటివి ఎవరు పట్టించుకుంటారు, నేనూ వదిలేశాను.

"అవున్రా, మా వకుళేదీ?" అన్నారు.

"నీ ఎదురుగానే ఉంది కదమ్మా" అన్నారు మా ఆయన.

నేనే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఇదిగో అత్తయ్యగారూ, ఇక్కడున్నాను."

ఆవిడ నా చెయ్యి తడిమారు, గాజులు తడిమారు, తలెత్తి సరిగ్గా నా మొహం ఉన్నచోటికే చూశారు. ఆ చూపు నాలోంచి దూసుకుపోయి వెనకాల మందార చెట్టు మీద ఆగింది.

"చెయ్యి తగుల్తోందే. మనిషివి లేవు."

మాది నిడదవోలు. కాలవ గట్టుకు పక్క సందులో ఇల్లు. మా అత్తయ్యగారి పేరు మంగతాయారు. ఆవిడ ముగ్గు వేస్తే సైకిళ్ళు దిగి నడిచి వెళ్ళేవాళ్ళట, నోరు విప్పితే అదే సందులో సైకిళ్ళు తిప్పుకుని వెనక్కి పోయేవాళ్ళట. రెండూ నిజమే. నీటికాసులు వచ్చి చూపు సన్నగిల్లడం మొదలయ్యాక ఆవిడ బాధంతా పెరడు గురించే. "ఈ వేళ పెరడెలా ఉందే?" అని పొద్దున్నే అడిగేవారు. మాటల్లో చెప్పలేక నేను ఫొటోలు తీసి, తెర మీద పెద్దవి చేసి చూపించేదాన్ని. అలా పట్టుకున్న కెమెరాని మళ్ళీ కింద పెట్టలేదు. మాఘంలో మునగపూత, వేసవిలో మంచం మీద ఆరే వడియాలు, తొలకరికి గోడెక్కే నత్తలు, ఆషాఢంలో గోరింటాకు రుబ్బిన రోలు, కార్తీకంలో తులసి దగ్గర దీపాలు, ధనుర్మాసంలో మంచు పట్టిన సాలెగూడు. అంట్ల గిన్నెలూ తీశాను, చెప్పుల జోళ్ళూ తీశాను, మా ఆయన పేపరు చదువుతూ నిద్రపోవడమూ తీశాను. అత్తయ్యగారికి పూర్తిగా చూపు పోయాక కూడా మానలేదు. తీసిన ఫొటోని నోటితో చెప్పేదాన్ని. "నువ్వు చెబుతుంటే నాకు వాసన కూడా వస్తోందే" అనేవారు. నాకెవరూ బహుమతులివ్వలేదు. ఆ మాటే నా బహుమతి.

ఆ ఫొటోల సంగతి తెలిసే విహారి మా ఇంటికొచ్చాడు. విశాఖలో అతని ల్యాబు. కళ్ళజోడులో చిన్న కెమెరా ఉంటుంది, తల వెనక చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు ఉంటుంది. చిక్కల్లా మధ్యనున్న దారితోనే. మెదడుకి పోయే ఆ దారి మరీ సన్నం, అందులో పూర్తి బొమ్మ పట్టదు, నాలుగు నలుపూ తెలుపూ చుక్కలు మాత్రం పడతాయి. ఆ చుక్కలు ఏ చోటివో యంత్రం గుర్తుపట్టి, ఆ చోటి పాత ఫొటోల సాయంతో మిగతా బొమ్మ అల్లి అందిస్తుంది. ఇదంతా అతను ఇంగ్లీషులో సగం, చేతులతో సగం చెబుతుంటే అత్తయ్యగారు అడ్డొచ్చారు.

"అంటే చుక్కలు నీవి, ముగ్గు మా కోడలిదీ. అంతేగా?"

విహారి తెల్లబోయాడు. "అంతేనమ్మగారూ. నేను ఏడేళ్ళుగా ఇంత బాగా చెప్పలేకపోయాను."

వెళ్ళేముందు మాకొక షరతు పెట్టాడు. పెరట్లో దేన్నీ మార్చకూడదు. కుండీలు జరపకూడదు, గోడకి సున్నం వెయ్యకూడదు, మంచం ఎక్కడుంటే అక్కడే ఉండాలి. యంత్రం చోటుని గుర్తుపట్టేది వాటిని బట్టే. చోటు గుర్తు తెలియకపోతే ముగ్గు వెయ్యడం మానేసి వట్టి చుక్కలు పంపేస్తుంది. ఆ ఏడాది ఉగాదికి మేము సున్నం వెయ్యలేదు.

మరి నేనెందుకు కనిపించలేదంటారా? ఫొటోలు తీసింది నేను. తీసేవాళ్ళు ఫొటోలో ఉండరు. అన్ని వేల ఫొటోల్లో, అన్ని ఋతువుల్లో, ఆ పెరట్లో నేను ఒక్కసారి కూడా లేను. ఇంట్లో ఫొటోల్లో లేని ఆకారం ఎదురుగా కదిలితే యంత్రం దాన్ని పొరపాటు కింద జమకట్టి, తుడిచేసి, వెనకాల ఉండాల్సిన మందార చెట్టుని అక్కడ పెట్టేస్తోంది. విహారి తల గోక్కుంటూ ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆయన నా వంక చూశారు.

"నేను ఒక్కసారి కూడా తియ్యలేదా నీ ఫొటో?"

"పెళ్ళి ఆల్బంలో ఉన్నాను కదండీ" అన్నాను.

పెళ్ళి ఆల్బం పనికిరాలేదు. ఆ పూల జడ పిల్లకీ నాకూ పోలిక యంత్రానికే కాదు, నాకే అందలేదు. ఇక మిగిలింది ఆధార్ కార్డు. ఆ మొహం చూస్తే అత్తయ్యగారు కన్ను పీకి వెనక్కిచ్చేస్తారు.

మొదట్లో అదంతా తమాషాగానే ఉండేది. నేను కనిపించను గానీ నా చేతిలోవన్నీ కనిపిస్తాయి, ఎందుకంటే వాటికి ఫొటోలున్నాయి. "అమ్మో, కాఫీ గ్లాసు గాల్లో నడిచొస్తోందే!" అనేవారు అత్తయ్యగారు. చీపురు దానంతటదే ఊడ్చేది. బిందె తనే పోయి తొట్టిలో నీళ్ళు ఒంపుకునేది. పక్కింటివాళ్ళకి చెప్పుకుని ఆవిడ తెగ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. చైత్రంలో గాలివానకి బొప్పాయి చెట్టు కూకటివేళ్ళతో పడిపోయింది. ఆ మర్నాడు ఆవిడ, "పైనున్న కాయ పండినట్టుందే, శేషుని కొయ్యమను" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

రానురానూ ఆవిడ నాతో మాట్లాడేటప్పుడు కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగాను.

"తెరిస్తే నువ్వుండవు. మూస్తే ఉంటావు" అన్నారు.

ఎవరికోసమైతే అంత కష్టపడి ఫొటోలు తీశానో ఆవిడ ప్రపంచంలోంచి ఆ ఫొటోలే నన్ను గెంటేశాయి. కోపం ఎవరి మీదో కూడా తెలియలేదు. ఆ రోజంతా గిన్నెల మీద చూపించాను.

విహారి ఉపాయం చెప్పాడు, నా ఫొటోలు ఎక్కిస్తే సరిపోతుందన్నాడు. మా ఆయనా నేనూ విశాఖ వెళ్ళాం. తెల్లటి గది, తెల్లటి దీపాలు. పట్టుచీర కట్టుకు రమ్మన్నారు. ఒకమ్మాయి నన్ను అటు తిప్పి ఇటు తిప్పి, కూర్చోబెట్టి నిలబెట్టి, మధ్యాహ్నం దాకా తీసింది. "నవ్వండి మేడమ్. ఇంకొంచెం. అదీ!" అంటూనే ఉంది. దవడలు నొప్పి పుట్టాయి. నవ్వకుండా ఒకటి తియ్యమ్మా అన్నాను. "నవ్వని మొహాలు పేషెంట్లకి నచ్చట్లేదు మేడమ్. మా సర్వేలో తేలింది" అంది. తోటలో మొక్కలన్నిటినీ వాడిపోయినప్పుడు కూడా తీసినదాన్ని నేను. అయినా నోరు మూసుకున్నాను.

ఇంటికి రాగానే అత్తయ్యగారు నన్ను చూశారు. నిజంగా చూశారు. నా గడ్డం పట్టుకుని, "ఎంత కళగా ఉన్నావే తల్లీ" అని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కొన్నాళ్ళు పండగే. నూనె మరకల నైటీలో తిరుగుతుంటే నేను ఆవిడకి పట్టుచీరలో కనిపించేదాన్ని. అబద్ధం ఎందుకు, నాకూ అది బాగానే ఉండేది.

వైశాఖంలో సగ్గుబియ్యం వడియాలు పెడుతున్నాం. పిండి ఉడికించి, కుతకుతలాడే గిన్నెని మసిగుడ్డతో పట్టుకుని పెరట్లోకి తెస్తున్నాను. మంచం మీద పాత చీర పరిచి అత్తయ్యగారు గరిటెతో సిద్ధంగా కూర్చున్నారు. మసిగుడ్డ జారింది. సలసలా కాగే పిండి నా ఎడమ ముంజేతి మీద పడి అంటుకుపోయింది. నేను పెట్టిన కేక సందు చివరికి వినిపించిందట.

అత్తయ్యగారు గరిటె పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. ఆవిడ మొహంలో భయం.

"నవ్వుతూ అరుస్తావేవే? వకుళా, నవ్వుతావేవే అలా?"

నేను నేల మీద కూలబడి చేతిని తొట్టి నీళ్ళలో ముంచి ఏడుస్తున్నాను. ఆవిడకి మాత్రం పట్టుచీరలో నిలబడి చిద్విలాసంగా నవ్వుతున్న కోడలు కనబడుతోంది. ఆవిడ కళ్ళజోడు లాగి పారేసి, చీకట్లో పాక్కుంటూ నా ఏడుపు వినిపించిన వైపుకి వచ్చి, నా తల ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆస్పత్రి నుంచి కట్టుతో వచ్చాను. రెండు రోజుల తరవాత కట్టు మార్పించుకోవాలి. మా ఆయన ఊళ్ళో లేరు. నేనొక్కదాన్నే వెళ్తానంటే అత్తయ్యగారు వినలేదు, కళ్ళజోడు పెట్టుకుని నా కుడిచెయ్యి పట్టుకుని బయల్దేరారు. కన్ను వచ్చాక ఆవిడ గేటు దాటడం అదే మొదలు. దాటొద్దని విహారే చెప్పాడు, బయట చూపు బాగుండదు, నిరాశ పడతారని.

గేటు దాటి రెండడుగులు వేశామో లేదో ఆవిడ ఆగిపోయారు.

"ఏమైంది అత్తయ్యగారూ?"

"రంగులు పోయాయే. అంతా బూడిదే. చుక్కలు చుక్కలు." ఆవిడ నా వైపు తిరిగారు. తల కాస్త వంచి, పొడుపుకథ విప్పుతున్నట్టు చూశారు. "ఈ పక్కన నిలబడింది నువ్వేనా?"

"నేనే."

"చెయ్యెందుకలా గుండెకి హత్తుకున్నావు? ఏదో తెల్లగా చుట్టి ఉంది."

బయట వీధి ఫొటోలు యంత్రం దగ్గర లేవు. ముగ్గు వెయ్యడానికి ఏమీ లేక ఉన్న చుక్కలు ఉన్నట్టు పంపిస్తోంది. ఆ చుక్కల్లో నేనున్నాను. కట్టుతో, చెదిరిన జుట్టుతో, వాలిన భుజంతో.

"ఇంత చిక్కిపోయావేవే" అన్నారు అత్తయ్యగారు. అని నడివీధిలో నిలబడి నా మొహంలో మొహం పెట్టి చూస్తూనే ఉన్నారు. పక్కనుంచి ఆటో హారన్ కొడితే, "ఉండవయ్యా, మా కోడల్ని చూసుకోనీ" అని గసిరారు.

ఆ సాయంత్రమే విహారికి ఫోన్ చేయించారు. ముగ్గు ఆపెయ్యమని, ఇంట్లో కూడా చుక్కలే కావాలని. అతను ఫోన్లో ఔననలేదు, కాదనలేదు, స్వయంగా వచ్చాడు. మా వసారాలో కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగకుండా గ్లాసు తిప్పుతూ చెప్పాడు.

"అమ్మగారూ, జ్యేష్ఠంలో మీ పెరటికి మా ల్యాబుకి డబ్బిచ్చే కొందరు పెద్దవాళ్ళని తీసుకొస్తున్నాను. వాళ్ళ ఫొటోలు కూడా ముందే ఎక్కించేస్తున్నాం. వాళ్ళు సరేనంటేనే ఈ పని ముందుకెళ్తుంది. చూపు లేనివాళ్ళు ఎంతమందో ఎదురుచూస్తున్నారు. ఆ వట్టి చుక్కలు చూపిస్తే ఎవరు మెచ్చుకుంటారు?"

"నేను మెచ్చుకుంటాను. కన్ను నాది కదయ్యా."

"ప్రయోగం ల్యాబుది, అమ్మగారూ. ముగ్గు వద్దంటే మిమ్మల్ని ప్రయోగం నుంచి తప్పించాలి. చిప్పు ఆపెయ్యాల్సొస్తుంది." ఆ మాట అనడానికి అతనికీ కష్టంగానే ఉంది, నేల వైపు చూస్తూ అన్నాడు.

మా ఆయన తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నారు. "అమ్మా, మళ్ళీ ఆ చీకట్లోకి వెళ్ళిపోతావా? ఉన్నదానితో సర్దుకోవే. ఫొటోలో అయితేనేం, అందంగా కనిపిస్తోంది కదా అంతా."

"నీకేం నాయనా, నీకు జుట్టుంది అందులో" అన్నారు అత్తయ్యగారు. మా ఆయన మూతి ముడుచుకున్నారు. ఆవిడ గొంతు మారింది. "చూడరా. వకుళ చెయ్యి కాలి ఏడుస్తుంటే నాకు నవ్వు మొహం చూపించిందా యంత్రం. గుడ్డిదాన్నైనా అంత మోసం ఎప్పుడూ జరగలేదు నాకు. చీకట్లో ఏడుపు ఏడుపుగానే వినబడేది. బాబూ విహారీ, నువ్వు మంచివాడివే. కానీ నాకు ముగ్గొద్దు. చుక్కలు చాలు. ముగ్గు నేనేసుకుంటాను. నాకు తెలియని విద్యా అది?"

విహారి లేచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మజ్జిగ అలాగే ఉండిపోయింది. ముగ్గూ ఆగలేదు, కన్నూ ఆగలేదు.

చెయ్యి మానుతూ వచ్చిందే గానీ నా కోపం చల్లారలేదు. ఆ ఫొటోలు నావి. వాన చినుకు ఆకు చివర ఆగేదాకా మోకాళ్ళ మీద కూర్చుని తీసినవి. వాటిని అడ్డం పెట్టి నన్నే తుడిచేస్తారా, పైగా మాకే షరతులా? నేను తుడిచిపెట్టేద్దామన్నా ల్యాబులో వాళ్ళ దగ్గర నకళ్ళున్నాయి. ఆలోచించగా ఆలోచించగా ఆ షరతే నాకు దారి చూపించింది. ఫొటోలు మార్చలేను. పెరడు మార్చగలను.

పెద్దవాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ బుగ్గలు నొక్కుకుని, "ఇల్లు పీకి పందిరేద్దామంటావా?" అన్నారు.

"ఊరికే అనడం కాదు, నిజంగానే వేద్దాం" అన్నాను.

కొంగు బిగించాం. సున్నంలో నీలిమందు కలిపి గోడకి కొట్టాను, ఒంటిచేత్తో. పద్ధతిగా లేదు, చారలు చారలుగా వచ్చింది, అదే కావాలి. ఇన్నేళ్ళూ కదలని కుండీలని ఈ మూలవి ఆ మూలకి దొర్లించాం. అత్తయ్యగారు రోలుని తోస్తుంటే చూడాలి, ఆవిడ అరవై ఏళ్ళ కసి అందులో ఉంది. మంచం నిలబెట్టాం. దండెం తెంపి అడ్డంగా కట్టి, ట్రంకుపెట్టెలో చీరలన్నీ దాని మీద వేలాడదీశాం. కొబ్బరాకులు తెప్పించమని మా ఆయనకి చెప్పాను. ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు మా ఇద్దరినీ చూశారు. "మా అమ్మ కన్ను పోతే దానికి బాధ్యత నీదే వకుళా" అన్నారు. "కన్ను నాదిరా, బాధ్యతా నాదే. ఆకులు తే" అన్నారు అత్తయ్యగారు. ఆయన గొణుక్కుంటూ వెళ్ళి తెచ్చారు. తెచ్చి ఊరుకోక, గుంజలు కూడా ఆయనే పాతారు.

పందిరి సగం కప్పామో లేదో అత్తయ్యగారు ఉన్నచోటే కూర్చుండిపోయారు.

"పోయిందే" అన్నారు. "బొప్పాయి పోయింది. గోరింట పోయింది. దీపాలు పోయాయి."

ఆవిడ కళ్ళజోడు కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు నాకు తెలిసింది ఆవిడ ఏం వదులుకున్నారో. పదకొండేళ్ళు తపించి దొరకబుచ్చుకున్న పెరడది. నా కళ్ళతో, నా ఓపికతో కట్టిన పెరడు. అది అబద్ధం కావచ్చు గానీ అందం నిజమైనదే. తప్పు చేశామా అత్తయ్యగారూ, అందామనుకున్నాను.

ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుని, తలెత్తి, బూడిద రంగు చుక్కల్లో వెతికారు.

"ఆ గుంజ పక్కన వంగి చూస్తోంది నువ్వేగా? అక్కడ నిలబడి ఏడవకు. రా, మిగతా ఆకులు కప్పుదాం."

మధ్యాహ్నం వాన తుంపర మొదలైంది. విహారి, అతనితో వచ్చిన ముగ్గురు పెద్దవాళ్ళు పెరట్లో అడుగుపెట్టి ఆగిపోయారు. నీలిగోడ, వేలాడే చీరలు, కొత్త పందిరి. విహారి మొహంలో నెత్తురు లేదు. నా వైపు చూశాడు. నేను చూపు దించలేదు.

వచ్చినవాళ్ళలో పెద్దాయన అత్తయ్యగారి ముందు కుర్చీలో కూర్చున్నాడు. "అమ్మా, మీకేం కనిపిస్తోందో చెప్పండి. తోట చాలా అద్భుతంగా కనిపిస్తుందని విన్నాం."

"కనిపించేది బాబూ. ఇప్పుడు కనిపించదు" అన్నారు అత్తయ్యగారు. "మీరెవరో నాకు తెలీదు. మీరు నల్లగా ఒక ముద్ద, ఆయన ఇంకో ముద్ద. ఆ పక్కన పొడుగ్గా ఉంది ఆడమనిషో మగమనిషో చెప్పలేను, ఏమీ అనుకోకండి."

విహారి కళ్ళు మూసుకున్నాడు.

"కానీ అదుగో, ఆ గుంజకి ఆనుకున్నది మా కోడలు. పేరు వకుళ. మీరొచ్చిన దగ్గర్నుంచీ ఎడమ చెయ్యి కుడిచేత్తో పట్టుకునే ఉంది. అంటే ఇంకా మంట తగ్గలేదు, నాతో మాత్రం తగ్గిపోయిందని చెప్పింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, ఒకసారి తూలింది. ఇప్పుడు నవ్వట్లేదు. ఇవన్నీ నేను నా కంటితో చూశాను. మీ ముగ్గులో ఇవి ఒక్కటీ లేవు."

పెద్దాయన ఇబ్బందిగా కదిలాడు. "ఇంత మసకచూపుతో మీకు సంతోషమేనా అమ్మా?"

"సంతోషం కావాలని నేనడిగానా? చూపు అడిగాను."

కొబ్బరాకుల మీద చినుకుల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చివరికి విహారి ముందుకొచ్చి, ఆవిడ కుర్చీ దగ్గర వంగాడు. "అమ్మగారూ, షరతు తప్పారు. కన్ను ఆపాలని వీళ్ళు విశాఖలో నిర్ణయిస్తే నేను అడ్డుకోలేను."

"ఆపుకో నాయనా. ఆపిన రోజు మాత్రం మీ కాగితాల్లో ఒక మాట రాయి. మనిషి కనపడ్డాకే ఆపామని." ఆవిడ అతని మొహంలోకి చూశారు. "ఇంకాస్త దగ్గరికి రా. భుజాలు అలా వాలిపోయాయేవిటి? నిద్రపోయి ఎన్నాళ్ళయింది బాబూ?"

విహారి అలాగే వంగి ఉండిపోయాడు, తను తయారుచేసిన కన్ను తనని చూస్తుంటే. వెళ్ళేటప్పుడు మా ఆయనతో, వానలు తగ్గాక కబురు చేస్తాం అని మాత్రం అన్నాడు.

వాళ్ళ కారు సందు మలుపు తిరిగింది. మా ఆయన పందిరి కింద నీళ్ళు తుడుస్తూ, "వానలు తగ్గేదాకా అన్నాడమ్మా" అన్నారు మెల్లిగా.

"అయితే అప్పటిదాకా వారం వారం పెరడు మారుద్దాం. ఆ యంత్రం తల బద్దలు కొట్టుకోవాలి" అన్నారు అత్తయ్యగారు. తరవాత నా వైపు చెయ్యి చాపారు. "వకుళా, కెమెరా ఇలా తే."

"మీకెందుకు అత్తయ్యగారూ?"

"తెమ్మంటే తేవే."

తెచ్చి ఇచ్చాను. ఆవిడ దాన్ని తడిమి తడిమి చూసుకున్నారు, ఏది ఎక్కడ నొక్కాలో మా ఆయన వేలు పట్టుకుని చూపించారు. నేను గుంజ దగ్గర నిలబడ్డాను. ఎన్నో వేలసార్లు ఆ పెరటిని చూసిన అద్దం మొదటిసారి నా వైపు తిరిగింది. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ల్యాబులో నేర్పిన అలవాటు, పెదవులు వాటంతటవే సాగాయి.

"నవ్వకే" అన్నారు అత్తయ్యగారు. "ఆకలేస్తే ఆకలేసినట్టుండు. చెయ్యి మండితే మండినట్టుండు."

నవ్వు దించేశాను. అలసట, కోపం, ఇన్నేళ్ళదీ మొహం మీదికొచ్చింది. ఆవిడ నొక్కారు.

ఫొటో ఒక పక్కకి ఒరిగిపోయింది. అంచున ఆవిడ బొటనవేలు పడింది. వెనకాల సున్నం చారలు, తడిసిన చీరలు, మధ్యలో చెదిరిన జుట్టుతో, కట్టుకట్టిన చేత్తో నేను. మా పెరట్లో నేనున్న మొదటి ఫొటో అది. దాన్ని మేము యంత్రానికి ఇవ్వలేదు.